పాట పెగలని రోజుల్లో స్తుతి: గాయక బృందంలోని ఒక సోదరికి సమాధానం

ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. భర్తకు మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిని రెండేళ్లు దాటింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. పిల్లలిద్దరూ ఇంకా చదువుకుంటున్నారు. ఆమె చిన్నప్పటి నుంచి చర్చి గాయక బృందంలో పాడుతున్నారు. "ఇప్పుడు నిలబడి పాడుతుంటే అబద్ధమాడుతున్నట్టు ఉంది. నాలో నిరీక్షణ ఉందో లేదో నాకే తెలియడం లేదు. నా విశ్వాసం తగ్గిపోయిందని సంఘంలో కొందరు అంటున్నారు. పాడటం మానెయ్యాలా, నటిస్తూ కొనసాగాలా?" అని ఆమె రాశారు.

అమ్మా, ప్రభువు నామమున మీకు వందనాలు.

నా భర్త పక్షవాతంతో మంచాన పడినప్పటి నుంచి ప్రభువు దగ్గరికి వెళ్లేదాకా ఆయన పక్కన ఉన్నదాన్ని నేను. ఆ తర్వాత మా స్త్రీల సమాజం తరఫున ఆసుపత్రుల్లో రోగులను, వారి వెంట ఉండేవాళ్లను చూసి వస్తున్నాను. మీరు అడిగిన ప్రశ్నను చాలామంది నన్ను వేరే మాటల్లో అడిగారు. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపికగా చదవండి.

మీ ముందు ఉన్నవి రెండే దారులని మీరు అనుకుంటున్నారు: మానడం, నటించడం. మూడోది ఉంది. ఉన్న బాధను ఉన్నట్టే దేవుని ముందు పెట్టి, ఏడుస్తూనే ఆయనను దేవా అని పిలవడం. దీన్ని స్తుతికి తక్కువైన పనిగా, బలహీనుల కోసం మిగిల్చిన పనిగా మన సంఘాల్లో చూస్తున్నారు. కీర్తనల గ్రంథం అలా చూడలేదు.

మన ఆరాధనల్లో తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది. దేవుడు తన ప్రజల స్తోత్రాల మీద ఆసీనుడై ఉంటాడని, కాబట్టి గట్టిగా స్తుతించమని ఆరాధన నడిపించేవారు చెబుతారు. ఆ మాట ఎక్కడ ఉందో ఈ రాత్రి బైబిలు తెరిచి చూడండి. 22వ కీర్తన మూడో వచనం. దానికి పైన ఉన్న మొదటి వచనం, "నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?" రెండో వచనంలో ఆ మనిషి పగలు మొరపెట్టాడు, జవాబు రాలేదు, రాత్రి కూడా ఊరుకోలేదు. స్తోత్రాల మీద ఆసీనుడైన దేవుణ్ణి ఆయన గుర్తు చేసుకున్నది ఆ తర్వాతే. జవాబు రాకముందే, విడిచిపెట్టావని ఆరోపించిన నోటితోనే! మన ప్రభువు సిలువ మీద నోటికి తెచ్చుకున్నది కూడా ఈ కీర్తనలోని మొదటి మాటలనే. ఆయన అప్పుడు నటించలేదు, ప్రార్థించడం మానలేదు. మీ గొంతులో ఇప్పుడు అడ్డుపడుతున్నది ఆయన గొంతులో ఒకసారి అడ్డుపడిందే.

150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా విలాపాలే. వాటిలో చాలావరకు చివరికి వచ్చేసరికి కాస్త వెలుగు కనిపిస్తుంది. 13వ కీర్తననే తీసుకోండి. ఉన్నవి ఆరు వచనాలు. మొదటి రెండింటిలోనే ఇంకా ఎంతకాలం అని నాలుగు విధాలుగా అడుగుతాడు. ఆఖరి వచనంలో పాట ఉంది. మనం అర నిమిషంలో చదివేస్తాం కాబట్టి ఆ కష్టం అర నిమిషంలో తీరినట్టు అనిపిస్తుంది. నాలుగో వచనానికి, ఐదో వచనానికి మధ్య ఆ మనిషి ఎన్ని రాత్రులు గడిపాడో కీర్తన చెప్పదు. మీరు ఇప్పుడు ఆ మధ్యలో ఉన్నారు.

88వ కీర్తన అయితే ఆ కాస్త వెలుగు కూడా లేకుండా ముగుస్తుంది. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్నదే ఆఖరి మాట. దాని పైన ఉన్న శీర్షిక చూడండి, ప్రధాన గాయకునికి అని ఉంటుంది. అంటే దేవుని ప్రజలు కలిసి పాడుకోవడానికే దాన్ని ఉంచారు. ఆ రోజు మందిరంలో ఆనందంగా ఉన్నవాళ్లు కూడా ఆ చీకటి పాటను నోరారా పాడి ఉంటారు, పక్కన నిలబడ్డవాడి కోసం. ఇలాంటి కీర్తన పరిశుద్ధ గ్రంథంలో ఉండగా, ఏ వేదన మాటకైనా అవిశ్వాసమని ముద్ర వేసే అధికారం ఎవరికి ఉంది?

"నీ విశ్వాసం చాలలేదు" అన్నవారి సంగతి. యోబు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతనితో కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాక మాత్రం, నీలో ఏదో పాపం ఉండకపోతే ఇలా జరగదు అన్నారు. 42వ అధ్యాయంలో దేవుడు వాళ్ల మీద కోపపడి, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదని అన్నాడు. పుట్టిన రోజును శపించి, దేవునితో వాదానికి దిగిన యోబు మాటలను ఆయన స్వీకరించాడు. దేవుణ్ణి వెనకేసుకొచ్చామనుకున్నవారి మాటలను బయటికి నెట్టాడు. మిమ్మల్ని అన్నవారితో మీరు వాదించనవసరం లేదు. వారిలో ఎక్కువమందికి భయం ఉంటుంది. మీ ఇంట్లో జరిగింది తమ ఇంట్లో జరగకూడదని, దానికి ఒక కారణం దొరికితే తాము తప్పించుకోవచ్చని వెతుక్కుంటారు. అయినా ఆ మాటలు మీ పిల్లల చెవిన పడనివ్వకండి. నాన్నకు జబ్బు రావడానికి అమ్మ ప్రార్థన సరిపోకపోవడమే కారణమని ఒక పిల్ల మనసులో పడితే, అది దేవుని మీద ప్రేమను మొదట్లోనే చంపేస్తుంది.

ఇప్పుడు నిరీక్షణ. రోమా పత్రిక ఐదో అధ్యాయంలో పౌలు ఒక వరుస చెప్పాడు: శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేస్తాయి. నిరీక్షణ ఆ వరుసలో ఆఖరున ఉంది. శ్రమలో పడగానే గుండె నిండా నిరీక్షణ ఉండి తీరాలని మనం అనుకుంటాం, లేకపోతే విశ్వాసం పోయిందని కంగారుపడతాం. మీరు రెండేళ్లుగా వారానికి మూడుసార్లు తెల్లవారకముందే లేచి, డబ్బా సర్ది, ఆయనను బస్సు ఎక్కించి, నాలుగు గంటలు కూర్చుని, నీరసంగా ఉన్న మనిషిని మళ్లీ ఇంటికి తెస్తున్నారు. పౌలు చెప్పిన ఓర్పు అంటే ఇదే. తర్వాతిది మీరు తెచ్చుకునేది కాదు, దేవుడు పుట్టించేది.

దేని కోసం నిరీక్షిస్తున్నామో కూడా స్పష్టంగా చూసుకోవాలి. జనవరి ఒకటిన మనందరం వాగ్దాన వాక్యం తీసుకుంటాం కదా. ఆ కార్డుల్లో ఎక్కువగా వచ్చేది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం, సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అనే మాట. మీకూ ఎప్పుడో వచ్చే ఉంటుంది. సంవత్సరం గడిచింది, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ తగ్గలేదు, అప్పుడు ఆ కార్డును ఏం చేయాలో తెలియక బైబిల్లో మూసి పెడతాం. ఆ వచనం బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా రాసిన ఉత్తరంలోది. దాని పైనున్న పదో వచనంలో డెబ్బై సంవత్సరాలు అని ఉంది. ఆ ఉత్తరం చదివించుకున్న పెద్దవాళ్లలో చాలామంది యెరూషలేముకు తిరిగి రాలేదు, అక్కడే కన్నుమూశారు. రెండేళ్లలో తిరిగి వస్తారని తియ్యగా చెప్పిన హనన్యా అనే ప్రవక్తను దేవుడు పంపలేదు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని చెప్పిన యిర్మీయానే పంపాడు. ఆ వాగ్దానం నిజమైనదే. అది చెరలోనే బతకడం నేర్పుతూ వచ్చిన వాగ్దానం.

కాబట్టి మీ ఆయన మూత్రపిండాలు మళ్లీ పనిచేయాలని అడగండి, నిస్సంకోచంగా అడగండి. దేవుడు చేయగలడు. కానీ మీ నిరీక్షణ మొత్తాన్ని తర్వాతి రక్తపరీక్ష మీద పెట్టకండి. అది క్రీస్తు మృతులలో నుండి లేచాడన్న దాని మీద ఉంది, అది ఇప్పటికే జరిగిపోయింది, ఏ రిపోర్టూ దాన్ని మార్చలేదు. పౌలు ఎపఫ్రొదితు చావుకు దగ్గరై బాగుపడ్డాడని రాశాడు, దుఃఖం మీద దుఃఖం కలగకుండా దేవుడు తనను కూడా కనికరించాడని చెప్పుకున్నాడు. అదే పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక ఆఖరి అధ్యాయంలో త్రోఫిము జబ్బుగా ఉంటే మిలేతులో విడిచి వచ్చానని ఒక్క వాక్యంలో రాశాడు. అతని విశ్వాసం గురించి ఒక మాట అనలేదు, తన ప్రార్థన గురించి ఒక సంజాయిషీ ఇవ్వలేదు. ఒక స్నేహితుడు లేచాడు, ఒకడు మంచం మీదే ఉన్నాడు, పౌలు ఇద్దరినీ ప్రేమించాడు. నా భర్త మంచాన ఉన్న రోజుల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ ఊరట ఇచ్చిన వాక్యం త్రోఫిము వాక్యమే. దాని మీద ప్రసంగం మాత్రం నేను ఇంతవరకు వినలేదు.

ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల అర్ధరాత్రి పాడిన సంగతి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అది గొప్ప సాక్ష్యం, వెనకాడకుండా ఒప్పుకుంటాను. కానీ కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయం కూడా చదవండి. ఆసియలో వచ్చిన శ్రమకు శక్తికి మించి కుంగిపోయామని, బతుకుతామన్న నమ్మకం లేకపోయిందని ఆ పౌలే రాశాడు. ఒక రాత్రి పాట వచ్చింది, మరో కాలంలో బతుకు మీదే ఆశ పోయింది. రెండూ ఒకే విశ్వాసి జీవితం. ఆ రాత్రి కూడా ఆయన ఒంటరిగా పాడలేదు, పక్కన సీల ఉన్నాడు.

ఈ పక్కన ఉండే మనిషి సంగతి ఎంత చెప్పినా తక్కువే. మన తెలుగు నేల మీదే దీనికి ఉదాహరణ ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషను వారు 1840లో నెల్లూరు వచ్చారు. ఏళ్ల తరబడి పని చేసినా విశ్వసించినవారు కొద్దిమందే. ఈ మిషనును మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. అలాంటి రోజుల్లో, 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున, ఆ మిషనుకు చెందిన లైమన్ జ్యూయెట్ దంపతులు, వారితో ఉన్న కొద్దిమంది తెలుగు క్రైస్తవులు ఒంగోలులోని ఒక కొండ ఎక్కి, కనిపిస్తున్న ఊళ్ల కోసం ప్రార్థించారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు. అదే మిషనుకు చెందిన జాన్ క్లౌ ఒంగోలులో పని మొదలుపెట్టింది 1866లో, అంటే పన్నెండేళ్ల తర్వాత. 1876–78 కరవులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశారు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని కరవు నెలల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కరవు తీరాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ప్రసంగాల్లో మనం వినేది ఆ 2,222 గురించే. నా మనసు ఎప్పుడూ ఆ పన్నెండేళ్ల దగ్గర ఆగుతుంది. కొండ దిగివచ్చిన మర్నాడు వారికి కనిపించిన ఊళ్లు ముందురోజు కనిపించిన ఊళ్లే. ఏ సూచనా లేదు. ఆ కాలంలో వారు ఎలా నిలబడ్డారో ఆలోచిస్తే, ఆ తెల్లవారుజామున ఎవరూ ఒక్కరే కొండ ఎక్కలేదన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఒకరికి నమ్మకం సడలిన రోజు ఇంకొకరు మోసి ఉంటారు. గాయక బృందం ఉన్నది కూడా అందుకే అమ్మా. మీ గొంతు ఆగిన వరుసలో మీ పక్కనున్న అమ్మాయి పాడుతుంది. ఆ వరుస మీ తరఫున కూడా దేవుని దగ్గరికి వెళ్తుంది. ఎన్నో ఏళ్లు మీరు పాడిన పాటలు ఆ బెంచీల్లో కూర్చున్న ఏ విధవరాలి తరఫునో, ఏ అప్పుల్లో ఉన్న తండ్రి తరఫునో వెళ్లలేదా? మీకు తెలియకుండానే మీరు ఎందరినో మోశారు. ఇప్పుడు మిమ్మల్ని మోయనివ్వండి.

ఇక చేయదగిన పనులు కొన్ని చెబుతాను.

డయాలసిస్ జరిగే నాలుగు గంటల్లో ఒక కీర్తన పైకి చదవండి. లోపలికి రానిస్తే ఆయన మంచం పక్కన మెల్లగా, లేకపోతే బయట బెంచీ మీద మీకు మీరే. వరుసగా చదవండి, బాగున్నవి ఏరుకోవద్దు. వారానికి మూడు చొప్పున 150 కీర్తనలకు 50 వారాలు పడుతుంది. ఈ వరుసలో మీ మనసుకు పొసగని ఆనంద కీర్తన వస్తుంది, అది ఆ రోజు ఇంకెవరిదో అనుకుని చదవండి. మీ నోట్లో నుంచి తీసినట్టున్న ఏడుపు కీర్తన కూడా వస్తుంది. రెంటినీ ఆ గ్రంథం పక్కపక్కనే కుట్టి పెట్టింది. సొంత ప్రార్థన ఒక్క వాక్యం కూడా రాని రోజున ఈ చదవడమే ప్రార్థన. మనం ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మ ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో విజ్ఞాపన చేస్తున్నాడని రోమా ఎనిమిదో అధ్యాయం చెబుతున్నది ఇలాంటి రోజుల గురించే.

నిద్రపోండి, తినండి. ఏలీయా బదరీ చెట్టు కింద పడుకుని నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. హోరేబులో ప్రశ్న అడిగింది ఆ తర్వాతే. నెలకు ఒక్క డయాలసిస్ రోజైనా ఆయన వెంట వెళ్లడానికి సంఘంలో ఒక సహోదరుణ్ణి అడగండి. ప్రార్థించండి అని అడిగితే అందరూ సరే అంటారు. గురువారం ఉదయం రండి అని అడిగితే వచ్చేది ఒకరిద్దరే, కానీ వాళ్లు నిజంగా వస్తారు. చూడటానికి వచ్చేవారికి కొబ్బరిబోండాలు, అరటిపండ్లు తేవద్దని పాస్టరు గారి ద్వారా చెప్పించండి. ప్రేమతోనే తెస్తారు, కానీ వాటిలోని పొటాషియం డయాలసిస్ రోగి గుండెకు ప్రమాదం.

నూనె రాసి, కానుక అడిగి, ఇక డయాలసిస్ అక్కర్లేదు అనేవారు మీ గుమ్మం దాకా వస్తారు. లోపలికి రానివ్వకండి. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. డయాలసిస్ మానితే ప్రాణం పోతుంది. జబ్బుపడ్డ హిజ్కియా రాజు బతుకుతాడని దేవుని మాట తెచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద వేయమన్నాడు. లూకా వైద్యుడు. కిడ్నీ మార్పిడి కోసం ప్రభుత్వ అవయవదాన కార్యక్రమమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవడం, ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద డయాలసిస్ చేయించుకోవడం దేవుని చేతిని వదలడం కాదు.

ఇంకొకటి జాగ్రత్తగా వినండి. దిగులు వారాల తరబడి దిగకపోతే, నిద్ర, ఆకలి పోతే, నేను లేకపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, దాన్ని ఆత్మీయ బలహీనత ఖాతాలో వేయకండి. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. డబ్బు కట్టనక్కర్లేదు. రోగి వెంట ఉండేవారికి ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది, వాళ్ల సంగతి ఎవరూ అడగరు.

కృతజ్ఞత గురించి ఒక్క మాట. కష్టానికి కృతజ్ఞత చెప్పమని మిమ్మల్ని ఎవరైనా బలవంతం చేస్తే ఒప్పుకోకండి. లాజరు సమాధి దగ్గర, కాసేపట్లో అతన్ని లేపబోతూ కూడా, యేసు కన్నీళ్లు విడిచాడు. చావును ఆయన మంచిదనలేదు. కష్టంలో కనిపించిన మంచిని మాత్రం పేరు పెట్టి చెప్పండి: ఈ రోజు సూది మొదటిసారే సరిగా పడింది, ఆ టెక్నీషియన్ అబ్బాయి ఓపికగా ఉన్నాడు, బీపీ పడిపోలేదు. రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్లలు కూడా ఇలాంటిది ఒకటి, ఏడుపు తెప్పించినది ఒకటి చెప్పనివ్వండి. రెండూ దేవునికి చెప్పదగినవేనని వాళ్లకు ఇప్పుడే తెలియాలి.

మీ ఆయన్ను కూడా అడగండి. ఆయన ముందు ధైర్యంగా కనిపించాలని మీరు, మీ ముందు ధైర్యంగా కనిపించాలని ఆయన, ఇద్దరూ విడివిడిగా ఏడుస్తూ ఉండవచ్చు. ఆసుపత్రుల్లో నేను ఎక్కువగా చూసేది ఇదే.

సాక్ష్యాల విషయంలో మీ పాస్టరు గారితో ఒకసారి మాట్లాడితే మేలు. మన కూడికల్లో ముగిసిపోయిన కష్టాలకే సాక్ష్యం చెప్పనిస్తాం: జబ్బు తగ్గింది, ఉద్యోగం వచ్చింది, స్తోత్రం. మధ్యలో ఉన్నవాళ్లు లేచి, ఇంకా తగ్గలేదు, దేవుణ్ణి విడిచిపెట్టలేదు అని చెప్పే చోటు లేదు. అలా చెప్పగలిగిన సంఘంలో మీలాంటివారు ఇంతమంది మౌనంగా వెనక బెంచీల్లోకి జరిగిపోరు.

ఇక మీరు సూటిగా అడిగిన దానికి నా జవాబు. గాయక బృందం మానకండి. బృందం నడిపించేవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, కొన్ని వారాలు మీరు మధ్యలో ఆగిపోవచ్చని, ఆగితే ఎవరూ తిరిగి చూడవద్దని. సోలో చరణాలు ప్రస్తుతానికి వేరేవారికి ఇవ్వండి. పాట పెదవి మీదికి వచ్చినంత మేరకు పాడండి. దేవుడు మంచివాడని మీరు పాడినప్పుడు చెబుతున్నది మీ మనసు బాగుందని కాదు, ఆయన ఎలాంటివాడో చెబుతున్నారు. అది మీ గుండె బరువుగా ఉన్నా నిజమే, కాబట్టి అబద్ధం కాదు. శ్రమల దినాలు వచ్చినప్పుడు ఒక ఆదివారమైనా విలాప కీర్తన ఒకటి పాడదామని అడగండి. మన పాత కీర్తనల పుస్తకంలో రాగం, తాళం వేసి ఉన్న పశ్చాత్తాప, వేదన కీర్తనలు చాలా ఉన్నాయి, గాయక బృందాలు వాటిని పక్కన పెట్టేశాయి. ఏదీ నచ్చకపోతే 13వ కీర్తనకు మీ బృందమే స్వరం కట్టవచ్చు, ఆరే వచనాలు. ఆ రోజు మొదటి నాలుగు వచనాలు మీరు పాడండి, మిగిలిన రెండూ బృందం పాడుతుంది.